ప్రముఖుల మరణ కారణం: ఎక్కడ వెతకాలి, ఏది నమ్మాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక ప్రముఖ వ్యక్తి గురించి వ్యాసం రాస్తున్నారు. ఆయన మరణానికి ఒక వెబ్‌సైటు గుండెపోటు అంటోంది, మరొకటి కాలేయ వ్యాధి అంటోంది, వీడియోలన్నీ విషప్రయోగం అంటున్నాయి. అసలు పత్రాలు మామూలు మనిషికి దొరుకుతాయా, దొరకకపోతే దేన్ని నమ్మాలి అని అడిగారు. జీవిత చరిత్ర వ్యాసాలను అచ్చుకు వెళ్లేముందు సరిచూడడం చాలా కాలంగా నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, చాలా సందర్భాల్లో దొరుకుతాయి. అయితే అది ఆ మనిషికి ఎంత పేరుంది అన్న దాన్ని బట్టి ఉండదు. ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో మరణించారు, ఎలాంటి పరిస్థితిలో మరణించారు అన్న రెండింటిని బట్టి ఉంటుంది. కాబట్టి ముందు ఆ రెండూ ఖాయం చేసుకోండి. తర్వాత మీకు కనిపించిన ప్రతి కారణం దగ్గరా ఒకే ప్రశ్న వేయండి: ఈ మాట మొదట అన్నది ఎవరు, అనడానికి వారు ఏం చూశారు? శవపరీక్ష చేసిన వైద్యుడా, చికిత్స చేసిన వైద్యుడా, కుటుంబమా, మేనేజరా, పేరు చెప్పని సన్నిహితుడా? ఈ వరుసలో కిందికి వెళ్లే కొద్దీ ఆ మాటకు బలం తగ్గుతుంది.

వెతికే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మరణ కారణం వేరు, మరణం జరిగిన తీరు వేరు. కారణం అంటే శరీరంలో జరిగినది: మెదడులో రక్తస్రావం, క్యాన్సర్, ఔషధం మోతాదు మించడం. తీరు అంటే సహజ మరణమా, ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా, తేల్చలేనిదా అన్నది. మైకేల్ జాక్సన్ 2009 జూన్ 25న మరణించినప్పుడు లాస్ ఏంజెలెస్ అధికారులు కారణంగా ప్రొపొఫాల్ అనే మత్తుమందును, తీరుగా ‘హోమిసైడ్’ను నమోదు చేశారు. అంటే మరొకరి చర్య వల్ల మరణించారని అర్థం. కావాలని చంపారని కాదు. 2011లో ఆయన వైద్యుడికి పడిన శిక్ష కూడా ఉద్దేశపూర్వక హత్యకు కాదు, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి. ఈ తేడా తెలియక ‘జాక్సన్ హత్య’ అని రాసినవారు ఎందరో ఉన్నారు.

మరణ ధ్రువపత్రాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన నమూనాలో మొదటి భాగంలో కొన్ని వరుసలుంటాయి. పై వరుసలో ప్రాణం తీసిన తక్షణ స్థితి, దాని కింద దానికి దారితీసినది, అట్టడుగున మూల కారణం. రెండో భాగంలో నేరుగా కారణం కాకపోయినా మరణానికి తోడ్పడిన జబ్బులు రాస్తారు. విలేకరులు తరచుగా పై వరుసను మాత్రమే పట్టుకుంటారు. మీకు కావలసింది కింది వరుస. నటుడు మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరులో మరణించారు. డిసెంబరులో వెలువడిన శవపరీక్ష నివేదిక కెటమైన్ అనే మత్తుమందు ప్రభావాన్ని ప్రధాన కారణంగా చెప్పింది. నీట మునగడాన్ని, గుండె ధమనుల వ్యాధిని, బుప్రెనార్ఫిన్ అనే మందును తోడ్పడిన అంశాలుగా చూపింది. నీటిలో మునిగి మరణించారు అని మాత్రమే రాసిన తొలి కథనాలు నేటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి.

‘గుండె ఆగి మరణించారు’ అన్న వాక్యం దగ్గర ప్రత్యేకంగా ఆగండి. గుండె ఆగడం మరణం జరిగే విధానం మాత్రమే. ఎందుకు ఆగిందన్నది అది చెప్పదు. అందుకే ధ్రువపత్రం నింపే వైద్యులకు దాన్ని మూల కారణంగా రాయవద్దని శిక్షణలోనే చెబుతారు. అదే గుండెపోటు అంటే రక్తనాళం మూసుకుపోయి గుండె కండరం దెబ్బతినడం. అది నిజమైన రోగ నిర్ధారణ. ఒక కథనం ఈ రెండింటినీ కలిపి వాడుతోందంటే రాసినవారు వైద్య పత్రం చూడలేదని నేను అనుకుంటాను. ఆ అనుమానం ఎక్కువసార్లు నిజమే అవుతుంది.

ఇక పత్రాలు ఎక్కడ తెరిచి ఉంటాయి, ఎక్కడ మూసి ఉంటాయి అన్నది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై నుంచి మరణాల నమోదు ఉంది. రుసుము చెల్లిస్తే ఎవరైనా, ఎవరి మరణ ధ్రువపత్రానికైనా నకలు తెప్పించుకోవచ్చు. కారణం అందులోనే ఉంటుంది. స్కాట్లాండ్‌లో నమోదు 1855లో మొదలైంది. యాభై ఏళ్లు దాటిన మరణాల నమోదు పుటల చిత్రాలను ఇంట్లో కూర్చుని చూడవచ్చు. రెండో ఎలిజబెత్ రాణి స్కాట్లాండ్‌లో మరణించారు కాబట్టి 2022 సెప్టెంబరు 29న స్కాట్లాండ్ జాతీయ రికార్డుల సంస్థే ఆమె నమోదు వివరాలను విడుదల చేసింది. కారణం గడిలో ఉన్నది ‘వృద్ధాప్యం’ ఒక్కటే. సమయం మధ్యాహ్నం 3.10. వివరం ఇచ్చినవారు కుమార్తె ఆన్. ఆ తర్వాత ఫలానా క్యాన్సర్ అని, మరొకటని ఎన్నో కథనాలు వచ్చాయి. మీ వ్యాసంలో వాటిని ప్రస్తావించాలనుకుంటే, ఎవరు చెప్పారో పేరుతో సహా రాసి ధ్రువపత్రంలో ఉన్నదాని పక్కన పెట్టండి. దానికి బదులుగా మాత్రం పెట్టవద్దు.

అమెరికాలో దేశమంతటికీ ఒకే నియమం లేదు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో వైద్య పరీక్షకుల (అనుమానాస్పద, ఆకస్మిక మరణాలను పరీక్షించే అధికారుల) కార్యాలయం వెబ్‌సైటులో పేరుతో వెతికితే కారణం, తీరు కనిపిస్తాయి. పోలీసులు ఆపివేయమని కోరిన కేసులు తప్ప మిగతావాటిలో శవపరీక్ష నివేదిక కూడా రుసుము కట్టి తీసుకోవచ్చు. హాలీవుడ్ వారి మరణాల గురించి ప్రపంచానికి ఇంత తెలియడానికి పెద్ద కారణం ఇదే. మిన్నెసోటాలో అలా కాదు. గాయకుడు ప్రిన్స్ 2016 ఏప్రిల్‌లో అక్కడ మరణిస్తే, జూన్‌లో వైద్య పరీక్షకులు విడుదల చేసింది ఒక్క పేజీ: కారణం ఫెంటానిల్ అనే శక్తిమంతమైన నొప్పి మందు, తీరు ప్రమాదం. పూర్తి నివేదిక బయటికి ఇవ్వలేదు. ఫ్లోరిడాలో ధ్రువపత్రంలోని మరణ కారణం యాభై ఏళ్లు గోప్యం, కానీ శవపరీక్ష నివేదిక సాధారణంగా బహిరంగ పత్రమే. అందులోని ఫోటోలకు మాత్రం, కారు రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ 2001లో మరణించాక తెచ్చిన చట్టంతో, రక్షణ కల్పించారు. ఆ చట్టం రావడం మంచిదని నా గట్టి అభిప్రాయం. చదవడానికి నివేదిక చాలు. చిత్రం వల్ల జ్ఞానం ఏమీ పెరగదు, కుటుంబానికి గాయం తప్ప.

భారతదేశంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 17వ సెక్షన్ ప్రకారం నమోదు పుస్తకంలో వెతికించి నకలు ఎవరైనా అడగవచ్చు. కానీ మరణానికి సంబంధించి ఇచ్చే నకలులో కారణం వెల్లడించకూడదని అదే సెక్షన్ చెబుతుంది. వైద్యుడు ఇచ్చే కారణ ధ్రువీకరణ వేరే పత్రం. అది నమోదు అధికారికి చేరుతుంది, గణాంకాలకు ఉపయోగపడుతుంది, మీ చేతికి మాత్రం రాదు. కాబట్టి భారతీయ ప్రముఖుల ‘మరణ ధ్రువపత్రంలో ఫలానా కారణం ఉంది’ అని ఎవరైనా చెబితే, ఏ పత్రం, ఎలా చూశారు అని తప్పక అడగండి.

ధ్రువపత్రం దొరకని చోట విచారణ నివేదికలు వెతకండి. ప్రముఖుల విషయంలో ఇవి ధ్రువపత్రం కంటే విలువైనవి, ఎందుకంటే సాక్ష్యం కూడా అందులోనే ఉంటుంది. విమానం, హెలికాప్టర్ ప్రమాదాలైతే దర్యాప్తు సంస్థ తుది నివేదిక చూడాలి. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్ మరణించిన 2020 జనవరి ప్రమాదంపై అమెరికా రవాణా భద్రతా బోర్డు 2021 ఫిబ్రవరిలో తేల్చినది, మబ్బుల్లోకి వెళ్లిన పైలట్ దిశా స్పృహ కోల్పోయాడని. ఆ ప్రమాదం గురించి ఊహాగానాలు చదివే సమయంలో సగం చాలు, ఆ నివేదిక చదవడానికి. యువరాణి డయానా మరణంపై లండన్ పోలీసుల 2006 నివేదిక 832 పేజీలు. దాని తర్వాత జరిగిన న్యాయ విచారణలో జ్యూరీ 2008 ఏప్రిల్ 7న తీర్పు ఇచ్చింది: కారు నడిపిన వ్యక్తి, వెంటాడిన వాహనాలవారు తీవ్ర నిర్లక్ష్యంతో నడపడం వల్ల జరిగిన చట్టవిరుద్ధ మరణం. ‘వెంటాడిన వాహనాలు’ అన్న భాగాన్ని కొందరు, ‘నడిపిన వ్యక్తి’ అన్న భాగాన్ని మరికొందరు వదిలేసి చెబుతుంటారు. తీర్పులో రెండూ ఉన్నాయి.

కమిషన్లు ఒకదానితో ఒకటి విభేదించడం కూడా మామూలే. సుభాష్ చంద్రబోస్ విషయంలో షా నవాజ్ కమిటీ 1956లో, ఖోస్లా కమిషన్ 1974లో, ఆయన 1945 ఆగస్టు విమాన ప్రమాదంలోనే మరణించారని చెప్పాయి. ముఖర్జీ కమిషన్ 2005లో ఆ ప్రమాదంలో మరణించలేదని చెప్పింది. ప్రభుత్వం ఆ నివేదికను అంగీకరించలేదు. ఇలాంటి చోట రాసేవారి పని ఒకరి వైపు తీర్పు చెప్పడం కాదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో ఏం తేల్చారో వరుసగా పెట్టడం. మీకు నచ్చిన నివేదికను ఒక్కదాన్నే పేర్కొంటే అది ప్రచారం అవుతుంది.

తొలి వార్తల సంగతి. మరణించిన రోజున వచ్చే కారణం చాలావరకు ఫోనులో ఎవరో చెప్పినది. నటి శ్రీదేవి 2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో మరణించినప్పుడు ప్రపంచమంతా గుండె సంబంధిత కారణమని రాసింది. రెండు రోజుల తర్వాత దుబాయ్ అధికారులు ఫోరెన్సిక్ నివేదికను ఉటంకిస్తూ, స్పృహ కోల్పోయి ప్రమాదవశాత్తు నీట మునిగి మరణించారని ప్రకటించారు. విషపదార్థాల పరీక్ష అవసరమైన కేసుల్లో ఫలితం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతవరకు ధ్రువపత్రంలో ‘పరిశీలనలో ఉంది’ అనే ఉంటుంది. అప్పటికి పత్రికల ఆసక్తి తగ్గిపోతుంది, దిద్దుబాటు లోపలి పేజీలో చిన్న వార్తగా వస్తుంది. అందుకే పాత పత్రికల్లో వెతికేటప్పుడు మరణించిన వారంతో ఆపకండి. రెండు మూడు నెలల తర్వాతి సంచికలు కూడా చూడండి. మరణించిన ఊరి స్థానిక పత్రికను, ఆ ప్రాంత భాషలోనే వెతకండి. అమెరికా పాత పత్రికలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా, ఆస్ట్రేలియావాటికి ట్రోవ్ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

ఎక్కువ చోట్ల ఉంది కాబట్టి నిజమై ఉంటుంది అన్న నమ్మకాన్ని దయచేసి వదిలేయండి. ఒక సంగీత విద్వాంసుడి మీద వ్యాసం సరిచూస్తున్నప్పుడు నాలుగైదు చోట్ల ఒకే కారణం కనిపించింది. వాక్యం ఒకటే, అందులోని అక్షరదోషం కూడా ఒకటే. వెనక్కి వెళ్తూ పోతే అన్నీ మర్నాటి ఒక వార్తా సంస్థ కథనం దగ్గర తేలాయి. ఆ కథనం చివర ‘అని సన్నిహితులు తెలిపారు’ అని ఉంది. నకలు చేసినవారందరూ ఆ మూడు మాటలు వదిలేశారు. ఆ మూడు మాటలు పోవడంతో అనుమానం కాస్తా వాస్తవంగా మారింది. వికీపీడియాలోనూ, దాని అనుబంధ సమాచార నిధి అయిన వికీడేటాలోనూ ఇదే పద్ధతి పాటించండి. వికీడేటాలో మరణ కారణం, మరణం తీరు రెండూ వేర్వేరు అంశాలుగా ఉంటాయి. ప్రతి అంశం కింద ఆధారం ఉందో లేదో తెరిచి చూడండి. ఆధారం అంటూ మరో భాషలోని వికీపీడియానే చూపిస్తే అక్కడ ఆధారం లేనట్టే.

పాత కాలపు మరణాల విషయంలో ఇబ్బంది వేరు. పత్రం ఉంటుంది, అందులోని రోగం పేరు మనకు అర్థం కాదు. మొజార్ట్ 1791 డిసెంబరు 5న మరణించినప్పుడు వియన్నా నమోదులో రాసినది ఒంటిమీద పొక్కులతో కూడిన తీవ్ర జ్వరం అని. అది లక్షణాల వర్ణన. దాని మీద ఆ తర్వాత ఎందరో వైద్యులు ఎన్నో నిర్ధారణలు కట్టారు. శ్రీనివాస రామానుజన్ 1920 ఏప్రిల్ 26న మరణించారు. ఆయన బతికున్నప్పుడు చికిత్స జరిగింది క్షయకు. 1994లో ఒక వైద్యుడు పాత లక్షణాలను, గతంలో వచ్చిన విరేచనాల జబ్బును కలిపి చూసి, కాలేయానికి సోకిన అమీబియాసిస్ (అమీబా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు) అయి ఉండవచ్చని వాదించారు. ఇది బలమైన వాదనే కానీ శరీరాన్ని పరీక్షించి చెప్పినది కాదు. కాబట్టి ‘అప్పటి వైద్యులు క్షయ అని భావించారు, 1994 నాటి విశ్లేషణ అమీబియాసిస్‌ను సూచించింది’ అని రాయాలి. ‘అసలు కారణం బయటపడింది’ అని రాయకూడదు.

ఇక ప్రయోగశాల ఫలితం అనగానే తలవంచేవారికి నేను సంగీతకారుడు బీథోవెన్ వెంట్రుకల సంగతి చెబుతాను. ఆయన 1827 మార్చి 26న మరణించారు, మర్నాడే శవపరీక్ష జరిగింది, కాలేయం బాగా దెబ్బతిన్నదని అందులో ఉంది. 2000 సంవత్సరంలో, ఆయనదిగా చెబుతున్న ఒక వెంట్రుకల కుచ్చులో సీసం చాలా ఎక్కువగా ఉందని ప్రకటించారు. సీసం విషమే కారణమన్న మాట బాగా పాకింది. 2023లో జన్యు పరీక్ష చేస్తే ఆ కుచ్చు ఒక స్త్రీది అని తేలింది. పరీక్ష సరిగానే జరిగింది, పరీక్షించిన వస్తువే ఆయనది కాదు! అదే అధ్యయనం నిజమైన కుచ్చుల్లో హెపటైటిస్ బి ఆనవాళ్లను, కాలేయ వ్యాధికి వంశపారంపర్య ప్రమాదాన్ని కనుగొంది. కథ అక్కడా ఆగలేదు. 2024లో ఆ నిజమైన కుచ్చులను పరీక్షిస్తే వాటిలోనూ సీసం ఎక్కువే ఉంది, అయితే అదొక్కటే చంపేంత కాదన్నారు. మీరు ఏ సంవత్సరంలో వచ్చిన పుస్తకం చదివారన్న దాన్ని బట్టి మీకు తెలిసిన కారణం మారిపోతుంది. అందుకే ఆధారం పక్కన దాని సంవత్సరం తప్పక రాయండి. నెపోలియన్‌కు ఆర్సెనిక్ అనే విషం పెట్టారన్న కథకూ ఇదే జరిగింది: 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు ఆయన చిన్ననాటి వెంట్రుకల్లోనూ, భార్య, కొడుకు వెంట్రుకల్లోనూ అదే స్థాయిలో ఆర్సెనిక్ ఉందని చూపించారు. 1821 నాటి శవపరీక్ష చెప్పిన కడుపు వ్యాధి మాటే నిలబడింది.

అధికారిక మాట ఎప్పుడూ చివరి మాట అని కూడా అనను. ఇంగ్లండ్ రాజు ఐదో జార్జ్ 1936 జనవరి 20 రాత్రి ప్రశాంతంగా మరణించారని ప్రకటన వచ్చింది. ఆయన వైద్యుడు లార్డ్ డాసన్ రాసుకున్న నోట్సు యాభై ఏళ్ల తర్వాత, 1986లో బయటికి వచ్చింది. మరణాన్ని త్వరగా రప్పించడానికి తానే మార్ఫిన్, కొకైన్ ఎక్కించానని, వార్త మర్నాటి ఉదయపు పత్రికలో రావాలన్నది కూడా ఒక ఆలోచన అని ఆయనే రాసుకున్నారు. చూశారా, అక్కడ అధికారిక కథను మార్చింది పుకారు కాదు, దగ్గరుండి చూసిన వైద్యుడి చేతిరాత. చిలీ కవి పాబ్లో నెరూడా విషయంలో 1973 నాటి ధ్రువపత్రం క్యాన్సర్ వల్ల కృశించి మరణించారంది. 2017లో నిపుణుల బృందం ఆ కారణాన్ని తోసిపుచ్చింది, 2024లో చిలీ కోర్టు దర్యాప్తును మళ్లీ తెరిచింది. ధ్రువపత్రాన్ని కాదనాలంటే ఆ స్థాయి ఆధారం కావాలి.

ఏమీ దొరకకపోతే? కుటుంబ సభ్యులు రాసిన జ్ఞాపకాలు, ప్రచురితమైన ఉత్తరాలు, సహచరులు రాసిన సంస్మరణ వ్యాసాలు చూడండి. శాస్త్రవేత్తలైతే రాయల్ సొసైటీ వంటి సంస్థలు ప్రచురించే జీవిత సంస్మరణలు బాగా నమ్మదగినవి. రాసేవారు సాధారణంగా అదే రంగంలో పనిచేసినవారు. కుటుంబం బతికి ఉండి, మరణం ఇటీవలిదైతే మర్యాదగా ఉత్తరం రాయవచ్చు, ఒక్కసారి. నాకు ఒక శాస్త్రవేత్త కుమార్తె ఇచ్చిన జవాబు గుర్తుంది: “క్యాన్సర్ అని రాయండి, ఏ అవయవానికో వద్దు, నాన్నగారికి ఇష్టం ఉండేది కాదు.” అలాగే అచ్చు వేశాం. పాఠకుడికి ఆ మాట చాలు. ఆయన పరిశోధన అర్థం కావడానికి అవయవం పేరుతో పనిలేదు. కుటుంబం బదులివ్వకపోతే అది కూడా జవాబే. దాన్ని ‘ఏదో దాస్తున్నారు’ అని చదవకండి.

ఆత్మహత్య అని అధికారికంగా తేలిన కేసుల్లో ఒక హద్దు పాటించండి. విచారణ తేల్చినది అదే అయితే దాచనక్కరలేదు, కానీ ఎలా చేసుకున్నారో వివరంగా రాయవద్దు, ఒకే కారణానికి ముడిపెట్టవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇవే చెబుతాయి, ఎందుకంటే అలాంటి వివరాలు కష్టంలో ఉన్న ఇతరులను అటువైపు నెట్టవచ్చు. అధికారిక నిర్ణయం లేకుండా మాత్రం ఆ మాట రాయనే రాయకండి. నేను సరిచూసే వ్యాసాల్లో దీనికి మినహాయింపు ఇవ్వను.

ఇంత వెతికాక కూడా చేతిలో గట్టి ఆధారం లేకపోతే, ‘మరణ కారణాన్ని బహిరంగంగా వెల్లడించలేదు’ అని రాయండి. అది అసంపూర్ణమైన వాక్యం కాదు, మీరు వెతికి తెలుసుకున్న వాస్తవం. మీ వ్యాసంలోని వ్యక్తి ఏ సంవత్సరంలో, ఏ ఊరిలో మరణించారో, ఇంటి దగ్గరా, ఆసుపత్రిలోనా, ప్రమాదంలోనా అన్నది కూడా ఇక్కడ చెప్పండి. ఏ కార్యాలయం రికార్డులు చూడాలో, అవి తెరిచి ఉంటాయో లేదో నాకు తెలిసినంతవరకు చెబుతాను. కాలేయ వ్యాధి అన్న కథనం దేన్ని ఆధారంగా చూపుతోందో ముందు అది చూసి రండి.